ఇంట్లో తెలుగు మానేయమన్నాను

నా పీహెచ్‌డీ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చివర్లో ఒక ప్రశ్న అడిగారు. "మీరు చేయించిన ఈ మార్పు వల్ల ఏ పిల్లకైనా, ఏ ఇంటికైనా నష్టం జరగడం మీ కంట పడిందా?" లేదు సార్ అన్నాను. ఆయన తలాడించి పేజీ తిప్పేశారు.

నా కంట పడింది. నోయిడాలో ఒక ఫ్లాటులో, బాల్కనీ తలుపు దగ్గర, ఒక తల్లి కూతురికి తల దువ్వుతుండగా పడింది. ఆ సంగతి ఆ రోజు చెప్పలేదు. థీసిస్‌లో రాయలేదు. తర్వాతెప్పుడో అడిగినవాళ్ళకు చెప్పాల్సి వచ్చినప్పుడు తప్పును ఇంకొకరి మీదకు తోశాను. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. రాస్తున్నట్టు ఆ తల్లికి మాత్రం చెప్పాను.

గుంటూరు వైపు ఒక బడిలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ముప్పై దాటాక నేను ఢిల్లీ వచ్చాను. ఎడ్యుకేషనల్ సైకాలజీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లల చదువు నా విషయం. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్ పైన గది. కింద మైకులో రాజ్యాంగం పాఠం నడుస్తుంటే పైన నేను ఆటిజం గురించి చదువుకునేవాణ్ణి. గదిలో నాతో పాటు సివిల్స్‌కి చదివే తెలుగు కుర్రాళ్ళు ఇద్దరు. పట్టా రాకముందే నన్ను "డాక్టర్ గారూ" అని పిలిచి, జ్వరమొస్తే మాత్ర ఏది వేసుకోవాలో అడిగి ఏడిపించేవాళ్ళు.

పొద్దున యూనివర్సిటీ, మధ్యాహ్నం మెట్రోలో నోయిడా. అక్కడ ఒక చిన్న థెరపీ సెంటర్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడికి వచ్చే పిల్లలే నా పరిశోధనలోని పిల్లలు కూడా.

నా పరిశోధన చాలా సులువుగా చెప్పవచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా లోపల ఒక భాష, బయట ఇంకో భాష ఉంటుంది. ఇంట్లో పంజాబీ, భోజ్‌పురీ, బెంగాలీ, తెలుగు. బడిలోనూ సెంటర్‌లోనూ హిందీ. అసలే మాటలు రాక ఇబ్బంది పడే పిల్లకు రెండు భాషలు మోయడం కష్టమని, ఇంట్లోవాళ్ళు కూడా హిందీకి మారిపోతే మాటలు త్వరగా వస్తాయని అప్పట్లో ఇక్కడ చాలామంది థెరపిస్టులు చెప్పేవారు. నేను కనిపెట్టింది కాదు. అది నిజమని కొలిచి చూపించడమే నా పని.

సలహా విన్న తల్లిదండ్రులందరూ తలూపేవారు. ఒక పంజాబీ నాయనమ్మ "అచ్ఛా బేటా, ఠీక్ హై" అని నా తల నిమిరి, లిఫ్టు తలుపు మూసుకునేలోపే మనవడితో పంజాబీలో మొదలుపెట్టేసింది. నేను చూస్తూనే ఉన్నాను. దాదాపు అన్ని ఇళ్ళలోనూ అంతే. నా మాట అక్షరాలా పాటించిన ఇల్లు ఒక్కటే. అది తెలుగువాళ్ళ ఇల్లు.

తండ్రిది హైదరాబాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లిది విజయనగరం వైపు పల్లె. పాపకు ఇంకా ఐదు నిండలేదు. ఆటిజం అని అప్పటికే తేల్చారు. మొదటి రోజు ఆవిడ కుర్చీ అంచున కూర్చుని హిందీలో తడబడుతుంటే, "తెలుగులో చెప్పండమ్మా" అన్నాను. ఆవిడ ముందు నా వైపు, తర్వాత భర్త వైపు చూసి, వెనక్కి వాలి సరిగ్గా కూర్చుంది.

"ఎంత మంచి మాట చెప్పేరండి. ఇన్నాళ్ళూ వీళ్ళు చెప్పిందాంట్లో సగం నాకు తెలిసేది కాదు. రాత్రి ఈయనొచ్చేక అడిగి తెలుసుకొనేదాన్ని."

"ఇక నన్నడగండి, ఏదైనా" అన్నాను. రెండో వారానికి నేను ఆవిడకు అన్నయ్యగారినయ్యాను.

ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది సలహా ఇవ్వకముందు. మార్పుకు ముందు పిల్ల ఎలా ఉందో చూసి పెట్టుకోవాలి. ఆవిడ నేల మీద కూర్చుని, పాపను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. ఒత్తైన ఉంగరాల జుట్టు. దువ్వెన ఆగినప్పుడల్లా "చిక్కెక్కడా?" అనేది. పాప తల వెనక్కి వాల్చి, తల్లి మొహాన్ని కింది నుంచి తలకిందులుగా చూస్తూ, చేత్తో తల తట్టుకుని "ఇక్కడ" అనేది. "పోయిందా?" "పోయింది." మళ్ళీ ఇంకో చిక్కు. సెంటర్‌లో ఎవరి కళ్ళలోకీ చూడని పిల్ల అక్కడ తల్లి కళ్ళలోకి చూసి నవ్వుతోంది.

అది నా లెక్కలోకి రాలేదు. రోజూ ఒకే సందర్భంలో అలవాటుగా వచ్చే జవాబును మాటగా లెక్కించకూడదన్నది నా పద్ధతిలో ఒక నియమం. అందుకని ఆ పాప ఇంట్లో మాట్లాడే తెలుగు దాదాపు ఏమీ లేదని తేల్చుకున్నాను.

తర్వాతి వారం ఇద్దర్నీ కూర్చోబెట్టి తెలుగు మానేయమని చెప్పాను. చెప్పింది తెలుగులోనే.

"మొత్తానికా అన్నయ్యగారూ?"

"మొత్తానికే. కొన్నాళ్ళు."

"నాకు హిందీ కూరగాయల బండి కాడికే వచ్చండి."

"అది చాలు. పానీ, జూతే, ఆవో, ఖావో. పాపకు కావలసింది చిన్న చిన్న మాటలే."

భర్త నవ్వాడు. "మంచిదే సార్. ఇంట్ల జర సప్పుడు తగ్గుతది."

"మీరూ మాట్లాడాలండి, హిందీలోనే."

"నేనొచ్చేసరికి అది పండుకుంటది సార్. నాదేముంది."

ఆవిడ నా వైపు తిరిగింది. "మరి తిట్టాలంటేనండి?"

"తిట్టినా హిందీలోనే."

"హిందీ తిట్లు నాకు రావండి."

"ఇంకా మంచిది కదమ్మా" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

కొన్ని నెలల్లో పాప హిందీ మాటలు పెరిగాయి. పానీ, దూధ్, బస్, నహీ. వచ్చిన ప్రతి మాటకూ గ్రాఫ్ మీద ఒక చుక్క. మిగతా పిల్లల గీతలు పడుతూ లేస్తూ ఉంటే, ఆ పాప గీత మాత్రం మెట్లెక్కినట్టు పైకి పోయింది. థీసిస్ మొత్తంలో అంత చక్కటి గ్రాఫ్ ఇంకొకటి లేదు.

అప్పుడు రెండోసారి వాళ్ళింటికి వెళ్ళాను. అదే చోట ఆవిడ తల దువ్వుతోంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వెళ్ళిన కాసేపటికి గాని నాకు తట్టలేదు, ఆవిడ ఏమీ మాట్లాడటం లేదని. దువ్వెన చిక్కు దగ్గర ఆగింది. పాప తల వెనక్కి వాల్చి తల్లి మొహంలోకి చూసి, అడక్కుండానే "ఇక్కడ" అంది.

ఆవిడ పలకలేదు. నా వైపు చూసింది.

పాప తల తట్టుకుంది. "ఇక్కడ. ఇక్కడ." చేయి చాచి తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆవిడ ఇంకా నన్నే చూస్తోంది. నేను తల వంచి రాసుకుంటున్నాను.

"యహాఁ బోలో బేటా" అంది ఆవిడ చివరికి, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "యహాఁ."

పాప తల ముందుకు వాల్చేసింది. దువ్వెన కదిలింది. ఆ తర్వాత ఎంతసేపటికో, నేల వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా "యహాఁ" అంది. నేను దాన్ని కొత్త మాటగా లెక్కపెట్టాను.

గుమ్మం దాకా వచ్చి ఆవిడ అడిగింది. "సరిగ్గానే చెప్పేనా అన్నయ్యగారూ?"

"చాలా బాగా చెప్పారు" అన్నాను.

మెట్రోలో నిలబడి వస్తూ నేను చూసిందేమిటో నాకు నేను చెప్పుకున్నాను. నాకు తెలియకపోలేదు. పిల్లల చిన్న చిన్న ప్రయత్నాలను గమనించడమే నేను నేర్చుకున్న విద్య. ఒక పిల్ల తనంతట తాను, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, మాట కలపబోయింది. మా రంగంలో ఆ క్షణం కోసం నెలల తరబడి కష్టపడతాం. తల్లి జవాబివ్వకుండా ఆపింది నేను.

ఇక్కడ నా గైడ్ గురించి చెప్పాలి. లక్నోలో పుట్టి పెరిగిన మనిషి, మాట కటువు. ఆవిడకు సగం చెప్పాను, తల్లి మాట్లాడటం తగ్గిందనిపిస్తోంది మేడమ్ అని. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తో లిఖో. రాయి. ఆ పాప గురించే విడిగా ఒక అధ్యాయం రాయి. తల్లి మాటలు కూడా కొలువు. ఇంకో ఏడాది పడుతుంది, అంతే కదా."

నాకు ఏడాది లేదనుకున్నాను. ఫెలోషిప్ గడువు అయిపోతోంది. ఒక కాలేజీలో ఉద్యోగం ఖాళీ ఉంది, పట్టా చేతికొస్తే ఇంటర్వ్యూకి పిలుస్తారు. నా ఈడు వాళ్ళంతా ఎక్కడో ఒకచోట కుదురుకున్నారు. అన్నిటికీ మించి ఆ పాపను తీసేస్తే నా థీసిస్‌లో నిలబడే ఫలితమే లేదు. మళ్ళీ వారం మేడమ్ దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు పాపకు ఒంట్లో బాగాలేదట మేడమ్, అందుకే ఇల్లు అలా ఉందట" అన్నాను. ఆవిడ నమ్మారు. నమ్మకపోవడానికి కారణమేమీ నేనివ్వలేదు మరి.

వైవా అయిన రోజు నా గది కుర్రాళ్ళు అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి తీసుకెళ్ళారు. గోంగూర కలుపుకుంటూ ఒకడు అడిగాడు, "ఇంతకీ ఇన్నేళ్ళు చదివి ఏం తేల్చారు డాక్టర్ గారూ, ఒక్క ముక్కలో చెప్పండి."

"మాటలు రాని పిల్లలున్న ఇంట్లో ఒకే భాష ఉండాలని."

"ఏ భాష?"

"ఇక్కడైతే హిందీ."

వాడు రెండోవాడి వైపు తిరిగి, "భయ్యా, థోడా పప్పు దీజియే. లేకపోతే డాక్టర్ గారు ఒప్పుకోరు" అన్నాడు. పక్క బల్ల వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం మాత్రం వదిలేసి లేచాను.

ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. నా దగ్గర శిక్షణ పొందిన టీచర్లు ఢిల్లీ చుట్టుపక్కలంతటా బడుల్లో చేరారు. వాళ్ళకు కొన్నేళ్ళు ఆ సలహానే నేర్పాను. తర్వాత ఈ రంగంలో ఆలోచన మారింది. ఇంటి భాష మానేస్తే పిల్లకు మేలు జరగదని, తల్లికి హాయిగా వచ్చిన భాషలోనే పిల్లతో మాట్లాడాలని అందరూ చెప్పసాగారు. నేనూ పాఠం మార్చుకున్నాను. మార్చానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొత్త సంవత్సరం కొత్త పాఠం, అంతే.

తెలుగు మానకపోతే ఆ పాపకు ఇంకా ఎక్కువ మాటలు వచ్చేవని నేననడం లేదు. అది నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఉన్న రెండు మాటలు ఎవరితో చెప్పుకునేదో ఆ మనిషి ఎదురుగా ఉండి కూడా పలకకుండా చేశాను. నాకు తెలిసింది ఇంతవరకే.

పోయినేడు నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి నా థీసిస్ పట్టుకుని గదిలోకి వచ్చింది. బీహార్ వైపు పిల్ల, ఇంట్లో మైథిలి. ఇంటి భాష మీదే తన పరిశోధన. ఆ చక్కటి గ్రాఫ్ ఉన్న పేజీ తెరిచి పెట్టింది.

"సర్, ఈ పాప మాటలు ఇంత పెరిగాయి. మరి తల్లి మాటలు? పెరిగాయా, తగ్గాయా? ఆవిడ గురించి ఒక్క వాక్యం కూడా లేదు."

నాలుక చివరే ఉన్న అబద్ధం బయటికొచ్చింది. అంతకు ముందు కూడా ఒకరిద్దరితో అన్నదే. "నేను రాద్దామనే అనుకున్నాను. మా గైడ్ ఒప్పుకోలేదు."

"అచ్ఛా" అని ఆ అమ్మాయి కలం తీసింది. "ఆ సంగతి నా థీసిస్‌లో రాసుకోనా సర్? పాత పరిశోధనల్లో తల్లులు ఎందుకు కనపడరో చెప్పడానికి పనికొస్తుంది."

మేడమ్ అప్పటికి పోయి రెండేళ్ళు. ఆవిడ రాయమన్నదాన్ని ఆవిడే వద్దన్నారని ఒక థీసిస్‌లో అచ్చవుతుంది. కాదని చెప్పడానికి ఆవిడ లేరు.

"రాయకు" అన్నాను. తలుపు వేయమని, కూర్చోమని, జరిగింది మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి నన్ను ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. కలం మూసి, "ఆ పాప ఇప్పుడెక్కడుంది సర్?" అంది.

నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

ఆ పాప తండ్రి ఫోను నంబరు మారలేదు. నోయిడాలోనే ఇంకో సొసైటీకి మారారు. చలికాలం, ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన లోపల గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. ఆవిడ తలుపు తీసింది.

"ఆయియే సర్, బైఠియే. చాయ్ లేంగే?"

ఆవిడ హిందీ ఇప్పుడు ధారగా వస్తోంది. నన్ను సర్ అంది. దివాన్ మీద ఒక పెద్ద పిల్ల కూర్చుని, ఆరిన తువ్వాళ్ళు అంచులు కలిపి మడతపెడుతోంది. పొడుగ్గా, తల్లిని మించి ఎదిగింది. జుట్టు మగపిల్లవాడిలా మెడ పైకి కత్తిరించి ఉంది. తల్లి చెబితే నా వైపు చూడకుండానే "నమస్తే" అంది.

నేను తెలుగులో మొదలుపెట్టాను. ఆ రోజు చూసింది, రాయనిది, వైవాలో అన్నది, మేడమ్ గురించి చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఆవిడ టీ కప్పు చేతిలో అలాగే పట్టుకుని వింది. మాట్లాడేటప్పటికి తెలుగులోకి వచ్చింది.

"మీరు చూసేరని నాకు తెలుసు సార్. ఆవేళ నేను మీ మొహమే చూసేను కదా. పర్లేదమ్మా, పలకండి అంటారేమోనని చూసేను. మీరు తలొంచుకుని రాసుకుంటున్నారు."

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది.

"మీకు ముందు కూడా ఇద్దరు చెప్పేరు, తెలుగు మానెయ్యమని. నేను విన్లేదు. ఈ ఊరోళ్ళు అలాగే అంటార్లే అనుకున్నాను. మీరు మనోళ్ళు. మీరే వద్దంటే ఏదో ఉంటాదనుకున్నాను."

"జుట్టు..." అన్నాను.

"తర్వాత దువ్వనిచ్చేది కాదు. దువ్వెన చూస్తే చాలు, గోడకి తల కొట్టుకొనేది. ఈయన పార్లర్‌కి తీసుకెళ్ళి కత్తిరింపించీసేరు. అప్పట్నుంచీ అంతే."

"మళ్ళీ తెలుగులో మాట్లాడి చూశారా అమ్మా?"

"చూసేను. మీ సెంటర్ మానేసేక. అది తిరిగి చూసేది కాదు. నాకూ నోరు రాలేదు. ఇప్పుడు నేనూ ఆయనా తెలుగులో మాటాడుకుంటే లేచి గదిలోకెళ్ళిపోతాది. మా మాటలు మావి అనుకుంటాది."

లోపల ఆయన ఇంగ్లీషులో ఎవరికో ఏదో వివరిస్తున్నాడు. పిల్ల ఇంకో తువ్వాలు అందుకుంది.

"మీరు తప్పు చేసేరని నాతో ఎందుకు చెప్తున్నారు సార్? నాకు తెలిసిందే కదా. చెప్తే దానికి చెప్పండి."

లేచి వెళ్ళి దివాన్ ముందు నేల మీద కూర్చున్నాను. పిల్లను నా వైపు చూడమని అడగలేదు. పాఠాల్లో చెప్పినట్టే, చిన్న వాక్యాలు మనసులో కూర్చుకుని హిందీలో మొదలుపెట్టాను. మొదటి మాట పూర్తి కాకుండానే వెనక నుంచి ఆవిడ అంది, "తెలుగులో చెప్పండి."

"అర్థం కాదేమోనమ్మా."

"కాకపోతే నేను చెప్తాను."

ఆవిడ వచ్చి దివాన్ మీద కూతురి పక్కన కూర్చుంది. నేను ఒక్కో వాక్యం చెప్పి ఆగాను. ఆవిడ ఒక్కోటీ హిందీలో అంది. ఒకచోట మాత్రం, ఆ దువ్వెన ఆట మాటలు వచ్చినప్పుడు, హిందీ చేయకుండా ఉన్నదున్నట్టే అంది. పిల్ల చేతులు తువ్వాలు మీద ఆగాయో, మడత అయిపోయి ఆగాయో నేను చెప్పలేను. నా పని అక్కడ గమనించడం కాదు.

"నీ చిన్నప్పుడు మీ అమ్మ నీకు తల దువ్వేదమ్మా. చిక్కెక్కడా అని అడిగేది. నువ్వు ఇక్కడ అనేదానివి. ఒకరోజు నువ్వు పిలిస్తే మీ అమ్మ పలకలేదు. పలకొద్దని చెప్పింది నేను. నువ్వు పిలవడం నేను విన్నాను. విని, వినలేదని చెప్పాను. అందులో మీ అమ్మ తప్పు లేదు, నీ తప్పు లేదు. తప్పు నాది. నన్ను క్షమించు."